ఆరు గంటల నలభై నిమిషాలు

బడిలో పెద్దవాళ్ళు కూర్చునే కుర్చీలు ఆరే ఉన్నాయి. ఆలస్యంగా వచ్చినందుకు లిఫ్టు మెకానిక్కుకి పిల్లల కుర్చీ దక్కింది. మోకాళ్ళు గడ్డానికి తగిలేలా దానిమీద ఒదిగి కూర్చుని, చేతులకంటిన గ్రీజు కనబడకుండా పిడికిళ్ళు ముడుచుకున్నాడు. సబ్బుతో పోయేది పైపై జిడ్డే. గోళ్ళ అంచుల్లోది పదిహేనేళ్ళుగా అక్కడే ఉంది.

పక్కన పెద్ద కుర్చీలో అతని భార్య. తెల్లవారకముందే బేకరీ పనికి వెళ్ళి, మధ్యాహ్నం అటునుంచి అటే వచ్చింది. కనుబొమల్లో ఇంకా పిండి ఉంది.

ముందు నిలబడి మాట్లాడుతున్నది బోర్డు సారు. మాటలు సరిగా రాని పిల్లలకు మాట, నడవడిక నేర్పే మనిషి. ఏ సంగతైనా బోర్డు మీద రాస్తే తప్ప తృప్తి పడడు కాబట్టి తల్లిదండ్రులు పెట్టుకున్న పేరది. ఆ రోజు బోర్డు మీద నాలుగు గళ్ళు గీశాడు. నిద్ర, తిండి, ఆట, ఫోనూ ట్యాబూ చూసే తెర. పక్కన పిల్లల పేర్లు. వారంపాటు ఇళ్ళలో రాసి పంపిన లెక్కలన్నీ ఒక్కొక్కటే ఎక్కిస్తూ వచ్చాడు. మెకానిక్కు కూతురు గువ్వ వరసకి వచ్చేసరికి సుద్దముక్క ఆగింది.

"ఎవరినీ తప్పుపట్టడానికి కాదు" అన్నాడు బోర్డు సారు. ఆ మాటతో మొదలయ్యేది తప్పుపట్టడంతోనే ముగుస్తుందని గదిలో అందరికీ తెలుసు. "తెర, రోజుకి ఆరు గంటల నలభై నిమిషాలు."

వెనకనుంచి ఎవరో తల్లి "అమ్మో" అంది. మెల్లగానే అంది గానీ గది చిన్నది.

"అంతకుముందు వారం మూడు గంటలు. వారం తిరిగేసరికి రెట్టింపు. నిద్ర చూడండి, ఐదు గంటలకు పడిపోయింది. తిండి సగమైంది. ఎనిమిదేళ్ళ పిల్ల. ఈ మూడిటికీ సంబంధం లేదంటారా?"

మెకానిక్కు చెవులు వేడెక్కాయి. ట్యాబ్ లేకపోతే గువ్వతో పొద్దు గడవదని అతనికి తెలుసు. భార్య చీకటితోనే వెళ్ళిపోతే, పిల్లని లేపి పళ్ళు తోమి బట్టలు తొడిగి బడి బండి ఎక్కించేవరకు అతనే. ట్యాబ్ చేతికిచ్చి, తియ్యటి పాల సీసా నోటికందిస్తే ఇంట్లో అలికిడి ఉండదు. ఆ నిశ్శబ్దంలో అతను టీ కాచుకుని, చొక్కా ఇస్త్రీ చేసుకునేవాడు. ఇప్పుడదంతా బోర్డుకెక్కినట్టుంది.

"మెల్లమెల్లగా రెండు గంటలకు తీసుకురండి" అన్నాడు బోర్డు సారు.

"రెండెందుకు సార్" అన్నాడు మెకానిక్కు. తన గొంతు తనకే పెద్దగా వినిపించింది. "ఇవాళ్టినుంచి అసలే ఉండదు."

భార్య తలతిప్పి చూసింది. బోర్డు సారు మొహం విప్పారింది. "అంత గట్టిగా నిలబడగలిగితే ఇంకేం కావాలి? మూడు రోజులు గోల చేస్తుంది. ఏడుస్తుంది, కొట్టుకుంటుంది, తిండి మానేస్తుంది. అదంతా అలవాటు వదిలే బాధ. కరిగిపోకండి. నాలుగో రోజుకి దారికొస్తుంది."

బస్సు కోసం నిలబడ్డప్పుడు భార్య అంది, "మెల్లగా అన్నారాయన."

"మెల్లగా అంటే ఏళ్ళు పడుతుంది. అరిగిన బ్రేకుని మెల్లగా మారుస్తామా?"

"అది బ్రేకు కాదండీ. పిల్ల."

బస్సు వచ్చింది.

ఇంటికి చేరేసరికి గువ్వ ఎప్పుడూ కూర్చునే చోటే ఉంది. మంచానికీ బీరువాకీ మధ్య, తను తప్ప ఇంకెవరూ పట్టని సందులో. పసితనంలో గొంతులోంచి పావురం కూసినట్టు చప్పుడు చేసేదని ఆ పేరు పెట్టుకున్నారు. ఇప్పుడు ఆ చప్పుడు లేదు. ఆ మధ్యాహ్నం బడినుంచి తెచ్చి కూర్చోబెట్టిన పక్కింటామె, వీళ్ళని చూడగానే చెప్పులు వేసుకుంది. "ఆ రోడ్డు తవ్వే గోల వినీ వినీ నా తల తిరుగుతోంది తల్లీ" అని నవ్వి వెళ్ళిపోయింది.

గువ్వ ట్యాబ్‌ని ఎడమ చెంపకి ఆనించుకుని ఉంది. తెరమీద ఎవడో కూలీ తారురోడ్డుని పెద్ద డ్రిల్లుతో పగలగొడుతున్నాడు. ఎనిమిది సెకన్లు. ఆపుతుంది. వెనక్కి లాగుతుంది. మళ్ళీ ఎనిమిది సెకన్లు. వారం రోజులుగా ఇదే మోత.

అతను వంగి ట్యాబ్ తీసుకున్నాడు. లాక్కోలేదు, నెమ్మదిగానే తీశాడు. ఆ సంగతి తర్వాత చాలాసార్లు తనకు తాను చెప్పుకున్నాడు. పనిసంచిలో స్పానర్ల కింద పెట్టి, జిప్పుకి చిన్న తాళం వేశాడు. తాళంచెవి తన జేబులో.

ఒక క్షణం గువ్వకి ఏం జరిగిందో అర్థం కాలేదు. చెంపదగ్గర చెయ్యి అలాగే ఉంది, ఖాళీగా. తర్వాత అరిచింది.

*

మంగళవారం పొద్దున గువ్వ పళ్ళు తోమనివ్వలేదు. ఇదివరకు తెర ముందు కూర్చోబెడితే నోరు తెరిచేది. ఇప్పుడు పెదాలు బిగించేసింది. అతను గడ్డం పట్టుకుని బ్రష్షు లోపలికి పోనిస్తే వేలు కొరికింది. రక్తం వచ్చేలా కొరికింది.

"ఒక్క రోజు తోముకోకపోతే రాలిపోవులే" అని బ్రష్షు కడిగి పెట్టేశాడు.

పనిలో వేలికి కట్టు చూసి పెద్దాయన అడిగాడు. పెద్దాయన అతనితో జతగా పనిచేసే మెకానిక్కు, మరో ఏడాదిలో రిటైరయ్యే మనిషి. "తలుపు సందులో పెట్టావా?"

"మా అమ్మాయి నోట్లో పెట్టాను."

"పర్లేదు. పళ్ళు గట్టివన్నమాట."

ఇద్దరూ నవ్వారు. ఏడంతస్తుల భవనం అది. లిఫ్టు పైకి వెళ్ళేటప్పుడు ఎక్కడో టక్కుమంటోందనీ, మూడో అంతస్తు బటన్ పాడయిందనీ అద్దెకున్నవాళ్ళ ఫిర్యాదు. అతను బటన్ జోలికి పోలేదు. లిఫ్టులో నిలబడి, లోపలి గోడకి అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని నాలుగుసార్లు పైకీ కిందికీ తిరిగాడు. అయిదో తిరుగుడులో "పైన ఎడంవైపు రోలరు" అన్నాడు. పైకెక్కి చూస్తే, లిఫ్టు పట్టా వెంట దొర్లే ఆ చిన్న చక్రం రబ్బరు ఒకపక్క చిట్లి ఉంది. కొత్తది రావడానికి రెండు మూడు రోజులు పడుతుందన్నారు.

బుధవారం గువ్వ రొట్టె ముట్టలేదు. పాలు కుడివైపునుంచి కొంచెం తాగింది. గోడ దగ్గరికి వెళ్ళి ఎడమ చెంపని ఆనించి నిలబడింది, తర్వాత పిడికిలితో అదే చెంపమీద కొట్టుకుంది. భార్య బేకరీనుంచి రాగానే ఆ చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఒక్క అరగంట ఇద్దామండీ" అని అతనికి ఫోన్ చేసింది.

"ఇప్పుడిస్తే మళ్ళీ మొదటికొస్తుంది. కొట్టుకుంటుందని ఆయన ముందే చెప్పాడా లేదా?"

చెప్పాడు. అన్నీ చెప్పినట్టే జరుగుతున్నాయి. అందుకే భార్య ఫోన్ పెట్టేసింది.

ఆ సాయంత్రం అతను పనినుంచి తొందరగా వచ్చి గువ్వని పార్కుకి తీసుకెళ్ళాడు. ఇనప కమ్మీల వెంట వేళ్ళు జార్చుకుంటూ నడిచింది. టిక్ టిక్ టిక్ మంటూ కమ్మీలు మోగాయి. మూల తిరిగేచోట కమ్మీలు అయిపోతే ఆగి, చెయ్యి గాలిలో ఆడించి, అతని బొటనవేలు పట్టుకుంది. ఎనిమిదేళ్ళలో తనంతట తానుగా పట్టుకోవడం ఎన్నిసార్లో అతను వేళ్ళమీద చెప్పగలడు. పార్కు రెండు చుట్లు తిరిగారు. అతను ఊపిరి బిగబట్టి నడిచాడు, గట్టిగా వదిలితే వేలు వదిలేస్తుందేమోనన్నట్టు.

"ట్యాబ్ ఉంటే వచ్చేదా?" అన్నాడు ఇంటికొచ్చి. భార్య కూడా నవ్వింది. నిజంగానే సంతోషించింది. వేడినీళ్ళలో తువ్వాలు ముంచి గువ్వ కాళ్ళు తుడుస్తూ, "రోజూ తీసుకెళ్ళండి" అంది.

గువ్వ చెయ్యి వేడిగా ఉందని పార్కులోనే అతనికి తెలిసింది. నడిచింది కదా, అనుకున్నాడు.

*

గురువారం గువ్వ అరవలేదు. కొట్టుకోలేదు. పొద్దున్నే లేచి తన సందులో గోడవైపు తిరిగి కూర్చుంది. బట్టలు తొడిగితే తొడిగించుకుంది. బండి ఎక్కమంటే ఎక్కింది.

మధ్యాహ్నం బోర్డు సారు స్వయంగా ఫోన్ చేశాడు. "చెప్పానా? ఇవాళ బెంచీమీద గంటసేపు కదలకుండా కూర్చుంది. ఒక్క పేచీ లేదు. మీలాంటి తండ్రి ప్రతి పిల్లకీ ఉండాలి."

అప్పుడు అతను ఓ ఆసుపత్రి లిఫ్టు గుంటలో మోకాళ్ళలోతు చెత్త ఎత్తిపోస్తున్నాడు. ఫోన్ జేబులో పెట్టుకుని, ఆ మాటల్నే నెమరువేసుకుంటూ సాయంత్రం దాకా పనిచేశాడు. ఇంటికి వెళ్ళేటప్పుడు గువ్వకి రంగు బంతి కొన్నాడు.

బంతి ఆమె కాళ్ళదగ్గరికి దొర్లించాడు. తగిలి ఆగింది. ఆమె చూడలేదు.

భార్య వంటింటి గుమ్మంలో నిలబడి ఇదంతా చూస్తోంది. "నాకిది బాగోలేదు" అంది.

"అరిస్తే బాగోలేదు, అరవకపోయినా బాగోలేదా?"

"పొయ్యి ఆరిపోతే కూడా ఇలాగే చప్పుడుండదండీ. మా బేకరీలో అందుకే చప్పుడు ఆగితే పరిగెత్తుకెళ్ళి చూస్తాం."

అతను చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు. ఆమె దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది, గువ్వకి వినబడకూడదన్నట్టు.

"మీకు ఇదివరకే చెప్పాను, మీరు నవ్వారు. అది ఆ వీడియోలు ఊరికే చూడదు. గ్లాసులోకి నీళ్ళు పోసే ముక్క ఉందిగా, అది పెడితే దాహమని. రైలు తలుపులు మూసుకునే ముక్క పెడితే బయటికి తీసుకెళ్ళమని. నేను చాలాసార్లు చూశాను. అది దానికి మాట."

"నోరుంది కదా? నోటితో అడగడం నేర్చుకోవాలి. యంత్రం మాట్లాడిపెడుతుంటే ఇక దానికి అవసరమేముంది?" అతను నిజంగానే అలా నమ్మాడు. "సరే, మరి ఆ రోడ్డు తవ్వేది? అదేం మాట?"

"అది నాకూ తెలీలేదు."

"చూశావా. అన్నిటికీ అర్థాలు వెతుక్కుంటూ పోతే గాలికి ఊగే ఆకుక్కూడా అర్థం దొరుకుతుంది."

ఆమె ఉడికించిన క్యారెట్లు మెత్తగా మెదిపి, గువ్వ ముందు కూర్చుంది. చెంచా పెదాలకి తగలగానే పిల్ల మొహం కుడివైపుకి తిప్పుకుంది. మొండితనంతో కాదు. అలసిపోయిన పెద్దవాళ్ళు తిప్పుకున్నట్టు తిప్పుకుంది.

*

శుక్రవారం రోలరు వచ్చిందని కబురొస్తే పెద్దాయన తేవడానికి వెళ్ళాడు. ఏడంతస్తుల పైన, మోటారు గదిలో మెకానిక్కు ఒక్కడే ఉన్నాడు. లిఫ్టు కరెంటు తీసేసి, కింద 'పని జరుగుతున్నది' అని బోర్డు తగిలించి వచ్చాడు. పది దాటింది. చేయడానికేమీ లేదు. సంచి తాళం తీసి గుడ్డ కోసం వెతికితే ట్యాబ్ చేతికి తగిలింది.

మళ్ళీ ఇచ్చే రోజు వస్తే, ముందు అందులో చెత్త తీసేసి ఇవ్వాలనుకున్నాడు. ఆ రోడ్డు తవ్వేది మొదట. తెర వెలిగింది. గువ్వ ఏమేం చూసిందో వరసగా తేదీలతో సహా ఉంది. అతను వేలితో కిందికి జరుపుకుంటూ పోయాడు.

ఇన్ని గంటలు చూసిందంటే వందల వీడియోలుంటాయనుకున్నాడు. పద్నాలుగే ఉన్నాయి. నీళ్ళు గ్లాసులో పోసేది రోజుకి నాలుగైదుసార్లు. రైలు తలుపులది సాయంత్రాలు. పరుపు దులిపి దుప్పటి కప్పేది రాత్రిపూట. బొమ్మల సినిమాలు రెండుమూడు, అవి మాత్రం మొదటినుంచి చివరిదాకా, గంటలు గంటలు. మిగతావేవీ పూర్తిగా చూసినట్టు లేదు. ప్రతిదాన్లోనూ ఏదో ఒక ముక్క, అక్కడికక్కడే.

రోడ్డు తవ్వేది అంతకుముందు ఎక్కడా లేదు. పోయిన వారం మంగళవారం మొదటిసారి వచ్చింది. ఆ రోజు మూడుసార్లు. బుధవారం పదకొండు. శనివారం దగ్గరికొచ్చేసరికి అతను లెక్కపెట్టడం మానేశాడు. ఆదివారం అర్ధరాత్రి కూడా ఉంది, తెల్లవారి నాలుగింటికి కూడా ఉంది. ఆ ఆరు గంటల నలభై నిమిషాల్లో సగం ఇదే.

మంగళవారం. ఆ పొద్దున గువ్వ కాల్చిన రొట్టె కొరికి, కింద పడేసి, టేబులు కింద దూరింది. రొట్టె మాడిందని అలిగిందనుకుని అతను ఇంకోటి కాల్చి ఇచ్చాడు.

వీడియో పెట్టాడు. కూలీ వంగాడు. డ్రిల్లు తారులోకి దిగింది. ఎనిమిది సెకన్లు. కొత్తగా ఏమీ కనబడలేదు. వెనక్కి లాగి మళ్ళీ పెట్టాడు. అప్పుడు ఆమె ఎలా పట్టుకునేదో జ్ఞాపకం వచ్చింది. చూడటానికి పట్టుకున్నట్టు పట్టుకునేది కాదు.

ట్యాబ్‌ని ఎడమ చెంపకి ఆనించుకున్నాడు. వెనకవైపు స్పీకరు సరిగ్గా దవడ ఎముకమీద కూర్చుంది. మోత మొదలుకాగానే వణుకు చర్మంలోంచి ఎముకలోకి, ఎముకలోంచి చివరి దవడ పంటి వేళ్ళలోకి దిగింది. డడడడడడ. ఒకచోటే. ఆగకుండా.

అతను ట్యాబ్ దించాడు. ఫోన్ తీసి భార్యకి చేశాడు. గువ్వ ఒళ్ళు వెచ్చగా ఉందని ఆమె ఆ రోజు పని మానేసి ఇంట్లోనే ఉంది.

"దాని దవడ చూడు. ఎడమ దవడ."

"ఎందుకండీ?"

"ముందు చూడు."

అవతల అడుగుల చప్పుడు. గువ్వ మూలుగు.

"వాచిందండీ" అంది భార్య. "పొద్దున దిండు అచ్చు పడిందనుకున్నాను."

తన చేత్తో తానే ఆపిన లిఫ్టు కాబట్టి ఏడంతస్తులూ మెట్లమీద పరిగెత్తాడు. నాలుగో అంతస్తులో పెద్దాయన రోలరు చంకన పెట్టుకుని ఎక్కుతూ ఎదురయ్యాడు. "ఏరా, ఏమైంది?" అన్నాడు. అతను ఆగలేదు.

ఇంటికొచ్చేసరికి గువ్వ చల్లటి నేలమీద పడుకుని, ఎడమ చెంప గచ్చుకి ఆనించి ఉంది. కంటి కిందదాకా పొంగింది. అతను పక్కన కూలబడి ట్యాబ్ తెరిచి ఆమె కళ్ళ ముందు పెట్టాడు. "ఇదిగో తల్లీ. ఇదిగో, తీసుకో." ఆమె చూడలేదు. అతనే ఆ వీడియో పెట్టాడు. తనకి తెలిసిందని చెప్పడానికి ఇంకో దారి కనబడలేదు.

డ్రిల్లు మోగింది. గువ్వ కళ్ళు అటు తిరిగాయి. చెయ్యి చాచి, తెర అంచు పట్టుకుని, మెల్లగా బోర్లించేసింది.

*

ఆసుపత్రిలో మత్తిస్తే తప్ప నోరు చూడటానికి వీలు కాలేదు. శనివారం పొద్దున గంటన్నరసేపు లోపలుంచారు. పళ్ళ డాక్టరమ్మ బయటికొచ్చి మాస్కు కిందికి లాగింది. చిన్న వయసే గానీ కళ్ళకింద నలుపు ఉంది.

"రెండు పళ్ళు తీసేశాం. ఒకటి పాలపన్ను, ఇంకోటి కాదు. అది మళ్ళీ రాదు. చీము ఎముకలోకి దిగింది, కొంత గీకాల్సొచ్చింది. ఇంకో రెండు రోజులు ఆగుంటే గొంతులోకి దిగేది. అప్పుడు నేను మీతో ఇంత తాపీగా మాట్లాడుతూ ఉండేదాన్ని కాదు." ఆగి అడిగింది, "తీపిపాలు సీసాతో తాగిస్తారా?"

"పొద్దున్నే. ట్యాబ్ చూస్తూ తాగుతుంది" అన్నాడు అతను.

"తర్వాత పళ్ళు తోముతారా?"

"ముందు తోముతాను."

ఆమె రాసుకుంది. పక్కనున్న నర్సు కాగితం తిప్పింది. "పాప ఎన్నాళ్ళుగా నొప్పంటోంది?" అని అడిగి, వెంటనే తనే సర్దుకుంది. "మాటలు రావన్నారు కదూ. తెలియదు అని రాసేస్తాను."

"పదకొండు రోజులు" అన్నాడు మెకానిక్కు.

"చెప్పిందా?"

"ఏడు రోజులు చెప్పింది. తర్వాత నాలుగు రోజులు నేను చెప్పనివ్వలేదు."

నర్సు అతనివంకా కాగితంవంకా చూసి, గడిలో పదకొండు అని వేసింది.

వరండాలో బల్లమీద భార్య కూర్చుని ఉంది. గువ్వ స్వెట్టరు ఒళ్ళో పెట్టుకుని, మడతపెట్టడం, విప్పడం, మళ్ళీ మడతపెట్టడం. తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండుననుకున్నాడు.

"తాళం మీరు వేశారు" అందామె స్వెట్టరునే చూస్తూ. "తాళంచెవి మీ జేబులోనే ఉందని నాకు తెలుసు. చొక్కా కొక్కేనికి తగిలించి స్నానానికి వెళ్తారు. నాలుగు రోజులూ వెళ్ళారు. నేను తీయలేదు."

అతను పక్కన కూర్చోబోతే ఆమె దూరంగా జరగలేదు, చోటూ ఇవ్వలేదు. బల్ల చివర అంచుమీద కూర్చున్నాడు.

పదకొండింటికి బోర్డు సారు ఫోన్ చేశాడు, రెండు రోజులుగా పాప రాలేదేమని. అతను జరిగింది జరిగినట్టు చెప్పాడు.

"పాపం" అన్నాడు బోర్డు సారు. "నేను రెండు గంటలన్నాను కదండీ."

"అవును సార్. మీరు రెండే అన్నారు."

ఫోన్ పెట్టేశాక కూడా అతను దాన్ని చెవిదగ్గరే పట్టుకుని కొంచెంసేపు కూర్చున్నాడు.

*

సోమవారం ఇంటికి పంపారు. ఏం చేయాలో ఈసారి భార్య చెప్పింది, అతను విన్నాడు. ట్యాబ్ ఎప్పుడూ గువ్వ చేతికి అందేచోట ఉండాలి. అది ఎవరూ తీయకూడదు. బొమ్మల సినిమాలు మాత్రం వేరే ఫోన్‌లో, రాత్రి అన్నం తిన్నాక, పడుకునే ముందు గంట వదిలేసి. సీసాపాలు బంద్. పార్కు రోజూ. "పార్కు మంచిదే" అందామె. "మీరు చేసినవన్నీ తప్పని నేననను." ఆ మాట అతనికి తిట్టుకన్నా గట్టిగా తగిలింది.

గువ్వ రెండు రోజులు ట్యాబ్ ముట్టలేదు. మెదిపిన తిండి తింది, మందు తాగింది, నిద్రపోయింది. నిద్రలో కుట్లున్న వైపు పడకుండా తనే సర్దుకునేది. పెదవి చివర ఎండిన రక్తం. బుధవారం మధ్యాహ్నం, వంటింట్లో భార్య గిన్నెలు కడుగుతుంటే, గదిలోంచి గ్లాసులో నీళ్ళు పడే చప్పుడు వచ్చింది. ఆమె సబ్బు చేతులతోనే పరిగెత్తి నీళ్ళు పట్టుకెళ్ళింది. గువ్వ తాగి గ్లాసు తిరిగిచ్చింది. భార్య వంటింట్లోకి వచ్చి పంపు తిప్పి, ఆ ధార కింద చేతులు పెట్టి, ఏడ్చింది.

వారమంతా సెలవు పెట్టిన మెకానిక్కు అది చూసి గదిలోకి వెళ్ళాడు. మంచం పక్కన, గువ్వ సందుకి రెండు బారల దూరంలో నేలమీద కూర్చున్నాడు. ట్యాబ్ ఇద్దరికీ మధ్య ఉంది. ఏదో ఒకటి ఆమె మాటలోనే మాట్లాడాలని ఉంది. ఏం అనాలో తెలియలేదు. చివరికి తనకి తెలిసిన ఒకే ఒక్కటి, నీళ్ళ ముక్క, పెట్టాడు. దాహమా అని అడిగినట్టు.

గువ్వ తెర చూసింది. తర్వాత అతన్ని చూసింది. మొహాన్ని కాదు. మోకాళ్ళమీద పెట్టుకున్న చేతుల్ని, ఆ గోళ్ళని చూసింది. చాలాసేపే చూసింది. అతను కదల్లేదు.

ఆమె చెయ్యి చాచి ట్యాబ్ దగ్గరికి లాక్కుంది. వేలితో వెతికింది. అతనెప్పుడూ గమనించని ముక్క ఒకటి పెట్టింది. ఎక్కడో ఒక వీధి. పొద్దుగూకింది. దుకాణంవాడు రెండు చేతులూ ఎత్తి షట్టరు పట్టుకుని కిందికి లాగుతున్నాడు. ఇనుము గరగరమంది. లోపలి వెలుతురు సన్నబడి, సన్నబడి, నేలమీద గీతలా మిగిలి, పోయింది. గువ్వ ఆపింది. వెనక్కి లాగి మళ్ళీ పెట్టింది.

నాతో మాట్లాడుతోంది, అనుకున్నాడు. ఇన్నాళ్ళకి. కానీ ఊహించి తలాడించదలచుకోలేదు. తెలియనిది తెలియదనే అడగాలి.

"ఒకసారి ఇలా రావూ" అని పిలిచాడు. భార్య కొంగుతో చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. "ఇదేంటిది? షట్టరు దించేది?"

గువ్వ మూడోసారి పెట్టింది. భార్య తెరవంక చూసింది, అతనివంక చూడలేదు.

"మీకెప్పుడూ పెట్టలేదా?"

"లేదు. ఏమంటోంది?"

"ఇక చాలంటోంది. మిమ్మల్ని వెళ్ళమంటోంది."

షట్టరు మళ్ళీ గరగరా దిగింది.

"సరే తల్లీ" అన్నాడు అతను. చేతులు నేలమీద ఆనించి లేచాడు. వంగి నెత్తిమీద చెయ్యి వేయబోయి, వేయకుండా వెనక్కి తీసుకున్నాడు. గది దాటి, తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి, వరండాలోకి వచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

లోపల ట్యాబ్ ఆగిపోయింది. గువ్వ పిలిచేదాకా లోపలికి వెళ్ళకూడదనుకున్నాడు. పిలిస్తే ఏ ముక్కతో పిలుస్తుందో అతనికి తెలియదు.